నాలుగు ముడుపుల సారు

పోయిన నెల ఒక శుక్రవారం తెల్లవారి, పాలు పొయ్యి మీద పెట్టిన వేళ, గోడ అవతలి నుంచి రాజమ్మక్క నన్ను పిలిచింది. "తమ్ముడూ, రవ్వంత ఇట్ల వచ్చిపో. ఈయన పలకతా లేదు" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాను. వసారాలో పడక కుర్చీలో వరదయ్య సారు ఎప్పటిలాగే కూర్చుని ఉన్నారు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. చేయి పట్టుకుంటే చల్లగా తగిలింది. నేను తెలుగు పండితుణ్ణి. దేహం అనిత్యమనీ, ఆత్మ నిత్యమనీ తరగతిలో గొంతెత్తి చెప్పి జీతం తీసుకుంటున్నవాణ్ణి. ఆ క్షణాన ఒక్క అక్షరం నోట రాలేదు. "సారు పోయినారక్కా" అనడానికి ధైర్యం చాలక, డాక్టరును పిలుచుకొస్తానని చెప్పి వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఆమెకు అప్పటికే తెలుసునని తర్వాత అర్థమైంది.

మా విద్యాలయానికి చిరకాలం ప్రధానోపాధ్యాయులుగా, గణిత బోధకులుగా ఉండి, పదవీ విరమణానంతరం చిత్తూరు సంతపేటలోని అద్దె ఇంట్లోనే శేషజీవితం గడిపి, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా తనువు చాలించిన వరదయ్య సారును గురించి నాలుగు మాటలు రాయమని ఉపాధ్యాయ మిత్రులు నన్ను ఆదేశించారు. మొన్న బడిలో జరిగిన సంతాప సభలో ఒకరు ఆయనను ధీరుడన్నారు, మరొకరు స్థితప్రజ్ఞుడన్నారు. పోయినవారిని గురించి అలా అనడం మర్యాద గనుక నేనూ తల ఊపాను. కానీ ఆ మాటలు సారు వినివుంటే కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఆయనంత భయస్తుణ్ణి నేను అద్దంలో తప్ప మరెక్కడా చూడలేదు. ఆ భయమే ఆయన గుణసంపద. ఆ భయంలోనే ఆయన ఔదార్యం, దాంపత్యం, భక్తి అన్నీ ఇమిడి ఉన్నాయని నా నమ్మకం. దాన్ని దాచిపెట్టి ఆయనను స్తుతిస్తే అది వేరెవరి బొమ్మో అవుతుంది.

ఆ భయానికి మూలం ఆయనే ఒకసారి నాకు చెప్పారు. ఆయన చిన్నతనంలో వాళ్ళ ఊరి బడిలో చదువు చెప్పిన అయ్యవారు వయసు మళ్ళి బడి మానుకున్నాక, తిండికి దిక్కులేక, తన దగ్గర చదువుకున్న పిల్లల ఇళ్ళలోనే వారాలు చేసుకున్నారట. పేద విద్యార్థులు రోజుకొక ఇంట్లో తినడం మనకు తెలుసు. గురువే శిష్యుల ఇళ్ళకు అలా వెళ్ళడం నేను వినలేదు. మంగళవారం వీళ్ళ ఇంటి వంతు. "ఆయన పంచలో కూసోని, నాకు ఎక్కాలు సెప్పిన నోటితోనే 'అమ్మా, రొంత మజ్జిగ' అని అడిగేవాడప్పా. మాయమ్మ పోసేది. పోసి లోపలికొచ్చి నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు ఆయనకూ ఇనపడేది, నాకూ ఇనపడేది" అని సారు చెప్పారు. చెబుతున్నప్పుడు ఆయన కళ్ళు నా మీద లేవు. తానే ఆ పంచలో కూర్చున్నట్టు ఒదిగి కూర్చున్నారు. ఆ భయం నాకూ అంటుకుంది. ఎందుకంటే మాది ప్రభుత్వ బడి కాదు. ఒక ధర్మకర్తల సంఘం నడిపే బడి. జీతం నెలల తరబడి ఆగి వచ్చేది. పెన్షను లేదు. దిగిపోయే రోజున ఒక పూలదండ, ఒక శాలువ, ప్రావిడెంటు ఫండు పేరుతో కొద్దిపాటి సొమ్ము. అంతటితో సరి.

పైగా సారుకూ రాజమ్మక్కకూ సంతానం లేదు. నలభై దాటినప్పటినుంచీ ఆ దంపతులకు ఒకటే చర్చ: బడి మానుకున్న మరుసటి నెల ఎట్లా? మొదట్లో ఆయన పోస్టాఫీసులో దాచుకునేవారు. అది నిలిచేది కాదు. ఆయన తమ్ముళ్ళూ, దాయాదులూ, తోటి ఉపాధ్యాయులూ ఎవరు వచ్చి దీనంగా మొహం పెట్టినా తీసి ఇచ్చేవారు. "పోస్టాఫీసుకు సంతకం ఒగటి సాలప్పా. అడిగినోడి మొగం సూస్తే నా సెయ్యి నా మాట ఇనదు" అని వాపోయేవారు. తర్వాత ఒక చీటీల ఆసామి దగ్గర చేరారు. ఆ మనిషి ఊరంతటి చీటీలూ మూటగట్టుకుని ఒక ఆదివారం కుటుంబంతో సహా మాయమయ్యాడు. తాళం వేసిన ఆ ఇంటి ముందు జనం గుమిగూడి ఉండగా సారు ఎవరినీ తిట్టలేదు. చెట్టు నీడన నిలబడి, కండువా మడతలు పెడుతూ ఉన్నారు. నేను ఆయనను ఇంటికి నడిపించుకు వచ్చాను.

ముడుపుల ఆలోచన ఆ తర్వాత వచ్చింది. ఆపదలో కొండమీది స్వామికి మొక్కుకుని, పసుపు గుడ్డలో కానుక ముడివేయడం మన ప్రాంతంలో ప్రతి ఇంట్లోనూ ఉన్న ఆచారమే. ముడి పడిందంటే ఆ సొమ్ము స్వామిది. ఇంట్లో బియ్యం నిండుకున్నా దాని జోలికి ఎవరూ పోరు. వరదయ్య సారు ఆ ఆచారాన్ని తన ఇనప్పెట్టెగా వాడుకున్నారు. పసుపు నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డలు నాలుగు తీసుకుని, జీతం వచ్చిన నెల శనివారం తలస్నానం చేసి, స్వామి పటం ముందు దీపం వెలిగించి, మిగిలినదాన్ని నాలుగు భాగాలు చేసి ముడివేసేవారు. కొంత పోగైతే బజారువీధిలో ఒక కాసు బంగారం కొని గుడ్డలో పెట్టేవారు. ఆ నాలుగింటికీ పేర్లు పెట్టుకున్నారు. నీడ, బువ్వ, మందు, దోవ. నీడ అంటే సొంత ఇల్లు. బువ్వ అంటే ముసలితనంలో తిండి. మందు అంటే రోగానికి. దోవ అంటే ఏమిటని నేను అడిగితే కండువా సర్దుకున్నారు. "పిల్లల్లేనోళ్ళం గదప్పా. కట్టెలకు ఇంగొకరిని అడక్కుండా" అన్నారు చివరికి.

ఏది ముందు అన్న విషయంలో మాత్రం ఆ దంపతులకు ఎన్నడూ పొసగలేదు. ముడి వేసే శనివారాల్లో మా ఇంట్లో మేము గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం, గోడ అవతలి వాగ్వాదం చెవిన పడాలని. మా ఆవిడ ఆ పూట కూర కూడా గోడ పక్కనే కూర్చుని తరిగేది.

"నీడ ముందు మే. ముసిలోళ్ళకు ఇల్లు అద్దెకిచ్చేవోడు యాడుండాడు? రెండు తూర్లు గట్టిగా దగ్గితే ఖాళీ సెయ్యమంటాడు" అనేవారు సారు.

"ఇల్లు కట్టుకోని గోడలు నములుకుంటామా? బువ్వకు ఏసి, మిగిలితే నీ ఇంటికి ఏసుకో" అనేది రాజమ్మక్క.

"మరి మందుకు?"

"నాకేం రోగమయ్యా? వచ్చినపుడు సూద్దాంలే."

సారు అప్పటికే మనసులో ఇల్లు కట్టేసుకున్నారు. కట్టమంచి దగ్గర ఎవరిదో చిన్న స్థలం చూసి, సాయంత్రాలు నన్ను వెంటబెట్టుకుని అంతదూరం నడిచేవారు. ఇది వంటిల్లు, ఇది నేను కూర్చునే చోటు అని కర్రతో నేల మీద గీతలు గీసేవారు. మళ్ళీ ఎవరైనా చూస్తారేమోనని చెప్పుతో చెరిపేసేవారు. అంతటి గణితవేత్త ఆ ఇంటికి ఒకరోజు వాకిలి పెట్టడం మరిచిపోయారు. నేను గుర్తు చేస్తే పసిపిల్లవాడిలా సిగ్గుపడ్డారు.

ఊళ్ళో చాలామంది గుమాస్తాలూ ఉపాధ్యాయులూ రిటైరు కావడానికి ముందు ఆయన దగ్గరకు సలహాకు వచ్చేవారు. ఆలుమగలిద్దరూ కలిసి వస్తేనే ఆయన నోరు విప్పేవారు. మగవాడు ఒంటరిగా వస్తే, "ఆయమ్మను పిల్సుకోని రాప్పా. ఒగరే భయపడే ఇంట్లో దుడ్డు నిలవదు" అని పంపేసేవారు. వచ్చినవాళ్ళకు ఆయన చెప్పే మాట ఒకటే. "కోరిక యాదో, దిగులు యాదో ముందు ఏరుకోండి. రెండూ ఒగే గుడ్డలో కడితే కోరిక దిగుల్ని తినేస్తాది. దిగులుకు ముందు ఎత్తిపెట్టండి." ఆ మాట విని వచ్చి మా ఆవిడ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "మీ దిగుళ్ళు ఏవో చెప్పండి, రాసుకుంటాను" అంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. పొయ్యి మీద చారు ఇగిరిపోయింది గాని నా దిగుళ్ళు పూర్తికాలేదు.

ముడుపుల ఉపాయం ఎంత గట్టిదో ఒక సందర్భంలో తేలింది. నగరి వైపు ఉండే ఆయన చిన్నాయన కొడుకు ఒకరోజు వచ్చాడు. బోరుకు మోటారు కొనాలి, అన్న ఆదుకోవాలి అని ప్రారంభించాడు. మాట మధ్యలో తెరిచివున్న ట్రంకుపెట్టెలో పచ్చగా నాలుగు మూటలు కనపడ్డాయి. "అవేందన్నా?" అన్నాడు. "స్వామి ముడుపులురా" అన్నారు సారు. ఆ మనిషి గతుక్కుమని లేచి, రెండు చెంపలూ వేసుకుని, మూటలకు దండం పెట్టి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ బంధువర్గంలో ఎవరూ చేయి చాచలేదు. సారు గోడ దగ్గరకొచ్చి ఆ కథ నాకు చెబుతూ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. వెనక రాజమ్మక్క నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. "నగబాకయ్యా. ఆ స్వామి అన్నీ ఇంటానే ఉంటాడు" అంది. సారు నవ్వు ఆగిపోయింది. ఆ రోజు నుంచి ముడుపు సంగతి ఆయన పరిహాసంగా ఎన్నడూ ఎత్తలేదు.

ఆ తర్వాత, ఆయన రిటైరు కావడానికి ఇంకా కొద్దికాలం ఉందనగా, రాజమ్మక్కకు కడుపులో నొప్పి మొదలైంది. వాము నీళ్ళతో కొన్నాళ్ళు, కషాయాలతో కొన్నాళ్ళు గడిపింది. మనిషి చూస్తుండగానే సగమైంది. వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. కడుపులో గడ్డ ఉందనీ, వెంటనే ఆపరేషను చేయకపోతే తమ చేతుల్లో ఉండదనీ డాక్టరు అరవంలో చెప్పాడు. చిత్తూరువాళ్ళం, మా అందరికీ అరవం వచ్చు. ఆ రోజు రాకుండా ఉంటే బాగుండుననిపించింది. తిరుగు బస్సులో సారు కిటికీ కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. రాజమ్మక్కే ఆయనకు నీళ్ళు తాగించింది.

ఆ మరునాడు పట్టపగలు నేను వెళ్ళేసరికి చాప మీద నాలుగు ముడుపులూ ఉన్నాయి. ఒక వైపు ఆయన, ఒక వైపు ఆమె. ఇద్దరి చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

"ఇప్పు మే."

"నువ్వే ఇప్పు. నువ్వు కట్టిన ముడి."

"ఊరోళ్ళకు సెప్పేదానికి స్వామిదన్నాము గాని, మనసులో ఆయనకు ఇయ్యలేదు గదా."

"దీపం ఎదర కూసోని ఆయన పేరు జెప్పి కట్టినాము. మనసులో ఇంగొకటి ఉండాదని ఆయనకు ఎవురు సెప్పాల? తీసుకునేదాంట్లో ఆయన యాడైనా ఇడిసిపెట్టినాడా? వడ్డీతో గుంజుకుంటాడు. నీ మీదికొస్తే నేనేం జేసేది?"

ప్రతి మనిషినీ దూరంగా ఉంచడానికి కట్టిన కంచె అది. ఇప్పుడు తామే దాని బయట ఉండిపోయారు. ఇన్నేళ్ళూ పదిమంది ముందూ స్వామిది, స్వామిది అని అనగా అనగా అది నిజంగానే స్వామిదైపోయింది. సారు నా వైపు తిరిగి, "నువ్వు శాస్త్రం సదివినోడివి. ఏదన్నా ఒగ దోవ సెప్పప్పా. ఇప్పినా తప్పులేదని యాడన్నా ఉంటే సూడు" అన్నారు. నేను ఇంటికి వచ్చి నా దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేశాను. మొక్కు తప్పినవాడికి కళ్ళు పోయిన కథలూ, వంశం నశించిన కథలూ కనపడ్డాయి గాని, మొక్కు తప్పి సుఖపడిన కథ ఒక్కటీ లేదు. ఆ పుస్తకాలన్నీ మూసి పక్కన పెట్టేశాను. మా వీధి గుడి పూజారిని అడిగితే, "ఇది నా తాహతు కాదు, ఆయన్నే అడగండి" అని గర్భగుడిలోకి వెళ్ళిపోయాడు. మా ఆవిడ తన గాజులు తీసి ఇచ్చింది. సారు వాటికి నమస్కరించి తిప్పి పంపారు. "నా దిగులు ఎత్తుకొచ్చి నీ ఇంట్లో పెట్టలేనప్పా. నీకూ ముసిలితనం వస్తాది" అన్నారు.

చివరికి రాజమ్మక్కే తీర్పు చెప్పింది. నాలుగు ముడుపులూ తీసుకుపోయి స్వామి హుండీలో వేసి రమ్మంది. "నేను బాకీతో బతకలేను. పోతే పోతాను. నువ్వు సల్లగా ఉంటే సాలు" అంది. ఆ మాట అన్నాక గోడకు తిరిగి పడుకుంది. సారు ఆమెకు ఎదురు చెప్పలేదు. నాలుగింటినీ గుడ్డసంచిలో పెట్టి చంకన బిగించుకుని, నాకు సైగ చేశారు. మా ఆవిడను ఆమె దగ్గర ఉంచి మేము తిరుపతి బస్సెక్కాం.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చంద్రగిరి దాటి కొండ కనపడగానే జనం గోవిందలు పెట్టారు. సారు గోవింద అనకుండా సంచి మూతి మళ్ళీ బిగించారు. కొండమీదికి పోయే బస్సులో ప్రతి మలుపులోనూ ఆయన సంచిని గుండెకు అదుముకుంటూ ఉన్నారు. అన్నీ వేసేస్తే ఆమె దక్కదు. వేయకపోతే స్వామి ఊరుకోడు. వేసినా వేయకపోయినా పోయేది ఆమే అన్నంత భయం ఆ ముఖంలో చూశాను. ధైర్యం చెప్పవలసినవాణ్ణి నేనే. నేనూ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

క్యూలో గంటల తరబడి నిలబడి, లోపల స్వామిని రెప్పపాటు చూశాం. చూశామో లేదో కూడా చెప్పలేను. జనం మమ్మల్ని హుండీ ముందుకు తోశారు. నిలువెత్తు తెల్లగుడ్డలో జనం గలగలమని కానుకలు వేస్తున్నారు. హుండీ పక్కన కాపలా ఉన్నాయన "జరగండి, జరగండి" అని అరుస్తున్నాడు. సారు సంచిలో చేయి పెట్టి ఆగిపోయారు. వెనకనుంచి ఒక ముసలమ్మ "ఎయ్యి నాయనా, ఎయ్యి" అని వీపు మీద తట్టింది. ఇన్నేళ్ళ చర్చకు ఆయనకు దొరికిన వ్యవధి ఆ రెప్పపాటే. ఒక మూట బయటికి వచ్చింది. "స్వామీ, ఇది నీకు. ఆమెను నాకు ఇయ్యి" అన్నారు. ఆ గోలలోనూ నాకు స్పష్టంగా వినపడింది. మూట హుండీలో పడింది. ఆయన నన్ను పట్టుకుని గబగబా బయటికి లాగేశారు, ఎవరో వెనక్కి పిలుస్తారన్నట్టు.

బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాక అడిగాను, ఏది వేశారని.

"నీడ" అన్నారు. కండువాతో మొహం తుడుచుకుని, "ఏరి ఎయ్యలేదనుకోబాకప్పా. ఏరే ఏసినాను. దిగుళ్ళు మూడు, కోరిక ఒగటి. కోరిక యాదో ఆడికి పోయినాక తెలిసినాది" అన్నారు.

నాలుగింటిలోకీ పెద్దది అదే. కట్టమంచి దగ్గర కర్రతో గీసిన వంటిల్లూ, ఆయన కూర్చునే చోటూ అన్నీ అందులోనే ఉన్నాయి. దిగేటప్పుడు బస్సు మలుపు తిరిగిన ప్రతిసారీ ఆయన నా మోకాలు పట్టుకుని, "మిగిలినవి ఎత్తుకుపోతా ఉండామని తెలిసిపోయిందేమో" అనేవారు.

ఇంటికి చేరగానే రాజమ్మక్క సంచి వైపు చూసింది. మూడు మూటలు బయటికి రావడం చూసి భయంతో లేచి కూర్చుంది. "ఏమి జేసినావయ్యా?" అంది. ఆయన చెప్పారు. నీడ వేసి వచ్చానని. ఇన్నేళ్ళూ ఆ ఇంటిని ఎగతాళి చేసిన మనిషి, మొహానికి కొంగు కప్పుకుని ఏడ్చింది. "ఆ ఇల్లే గదా నీ ప్రాణం" అంది. "ప్రాణం సంగతి నాకు తెలుసులే. లెయ్, వేలూరుకు పోవాల" అన్నారు సారు. మందు ముడి ఆయనే విప్పారు. విప్పుతున్నప్పుడు చూడలేక నేను వాకిట్లోకి పోయాను. అందులోది చాలలేదు. ఆమె ఎప్పుడూ దానికి వెయ్యనిచ్చేది కాదు గదా. ఆమె ముందు, ముందు అని పోట్లాడి పోగుచేసిన బువ్వ ముడిలోంచి తీసి కలిపారు.

ఆపరేషను జరిగింది. ఆమె బతికింది. రాజమ్మక్క కర్ర లేకుండా నడిచి ఇంటికి వచ్చిన రోజున వీధంతా సంతోషించింది, సారు తప్ప. ఆయనకు అప్పటినుంచి మరో భయం పట్టుకుంది. స్వామి నాలుగు అడిగితే తాను ఒకటి ఇచ్చి వచ్చారు. మిగిలిన మూడింటికీ స్వామి ఎప్పుడో వస్తాడు. ఏ రూపంలో వస్తాడో తెలియదు. ఆమెకు జలుబు చేస్తే సారు మొహం పాలిపోయేది. ఆమె బావి దగ్గర ఆలస్యం చేస్తే వీధి చివరిదాకా పరుగెత్తేవారు. రిటైరైన రోజున దండ వేసుకుని ఇంటికి వచ్చి, ఆ దండను పటానికి వేసి, "ఇంగ నా దగ్గర ఏమీ లేదు, సూడు స్వామీ" అన్నారట. ఆ తర్వాత ట్యూషన్లు చెప్పుకున్నారు. ఒక పూట తిండి తగ్గించుకున్నారు, అరగడం లేదని నెపం పెట్టి. బువ్వ ముడినీ మందు ముడినీ మళ్ళీ నింపారు. ఏటా అద్దె మాట్లాడే నెల వస్తే ఆ ఇంటి యజమాని ముందు దగ్గు ఆపుకుని నిలబడేవారు. నేను చూశాను. అది చూసి నవ్వినవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ఏనాడూ నవ్వు రాలేదు.

భయపడే మనిషిని లోకం చిన్నచూపు చూస్తుంది. కానీ ఈ మనిషి తనకోసం భయపడడం నేను ఒక్కసారీ చూడలేదు. ఆయన ఆయాసపడుతూ కూడా డాక్టరు దగ్గరకు పోలేదు. పోతే మందు ముడి విప్పాలి. అది ఆమెది. ఈ సంగతి ఆయన పోయాక గాని మాకు తెలియలేదు. తెలిశాక మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాము. వచ్చే ఏడాది నేనూ శాలువ కప్పుకుని ఇంటికి రావలసినవాణ్ణే. ఏది ముందు, ఏది వెనక అని మేమిద్దరం ప్రతిరోజూ కూర్చుంటున్నాము. మాట తెగక గోడ వైపు చూస్తున్నాము.

మహాశయులారా, మా బడిలో ఎందరో ప్రధానోపాధ్యాయులు వచ్చారు, ఎందరో వస్తారు. బల్లలూ, బోర్డులూ, గంటా యథాతథంగా ఉంటాయి. ఆలుమగలిద్దరినీ చెరొక వైపు కూర్చోబెట్టి వాళ్ళ వార్ధక్యాన్ని గురించి వాళ్ళకంటే ఎక్కువగా దిగులుపడే మనిషి మాత్రం మళ్ళీ రాడు. ఆ పుణ్యమూర్తికి, ఆ సహృదయునికి, చేతులు జోడించి నమస్కరిస్తున్నాను.

కర్మకాండ ముగిసి బంధువులు వెళ్ళిపోయాక, నిన్న సాయంత్రం రాజమ్మక్క దగ్గర కూర్చున్నాను. ఆమె ట్రంకుపెట్టె ముందు కూర్చుని ఉంది. దోవ ముడి ఖర్చయిపోయింది, ఎవరినీ అడగవలసిన పని లేకుండానే. "ఎట్లా అక్కా ఇక?" అన్నాను. ఇలా అడగడం తప్పేమో, నాకు తెలియలేదు.

"బువ్వకు ఉండాది. మందుకూ ఉండాది. రెండూ నిండా పెట్టి పొయినాడు" అంది. ఆ మూటల మీద చేయి పెట్టింది. "నాకిప్పుడు భయంగా ఉండాది తమ్ముడూ. నాకోసరం దిగులుపడే మనిషి పొయినాడు. దాన్ని మాత్రం మేము ఏ గుడ్డలోనూ ఎత్తిపెట్టుకోలేదు."